పది నంబరు తుపాకీ

తుపాకీని ముట్టుకోకుండానే ఇద్దరిని నేలకూల్చిన మొనగాణ్ణి నేను. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే. ఇప్పటికీ తలుచుకుంటే నీరసం వస్తుంది.

సౌదీలో తాయిఫ్ దగ్గర దానిమ్మ తోటలో నా పని. మా కఫీల్, అంటే నన్ను పనికి రప్పించుకున్న యజమాని, అబూ సాద్. ముసలాయన, ఎండిన మునక్కాడలా ఉంటాడు. ఊళ్లో నాకు కూతురు పుట్టి నడక కూడా నేర్చింది. ఫోన్లో తప్ప దాన్ని చూడలేదు. సెలవేమో ఆయన చేతిలో ఉంది. ఆయన్ని మెప్పిద్దామని మా తాత పెద్ద షికారీ అంటూ కోతలు కోశాను. నిజానికి మా తాత జొన్నచేలో పిచ్చుకల్ని వడిసెలతో తోలేవాడు, అంతే.

పాపం, ఆయన నమ్మేశాడు. పావురాల వేటకు తుపాకీ కొంటూ నన్నూ దుకాణానికి తీసుకెళ్లాడు.

"పన్నెండు నంబరు చాలు," అన్నాడు దుకాణదారు. "నంబరు తగ్గేకొద్దీ గొట్టం పెద్దదవుతుంది. ఈ పది నంబరుది గుర్రంలా తంతుంది."

అబూ సాద్ నావైపు తిరిగాడు. "షికారీ మనవడా, నువ్వు చెప్పు."

తెలియదంటే నోరు పడిపోతుందా, చెప్పండి?

"పెద్దదే తీసుకోండి బాబా," అన్నాను.

"పావురానికా?" దుకాణదారు నోరెళ్లబెట్టాడు.

"మా తాత పిట్టకైనా పెద్దదే వాడేవాడు!"

అబూ సాద్ మురిసిపోయాడు. "ఒక్క పావురం పడనీ, మర్నాడే నీకు సెలవు." నేను ఆ సాయంత్రమే సూట్‌కేసు కొన్నాను.

శుక్రవారం వేటకెళ్లాం. రాతిమీద పావురం కూర్చుని ఉంది. ఆయన గురిపెట్టాడు. వెనక నిలబడి నేను కొండగట్టు అంజన్నకు మొక్కుతున్నాను. ఢాం! పావురం అటు ఎగిరింది, అబూ సాద్ ఇటు ఎగిరి నామీద పడ్డాడు. ఆయన భుజం కీలు తప్పింది.

కుడిచేతికి కట్టు కట్టారు. ఎడమచేత్తో ఆయన మెతుకు ముట్టడు. "కట్టు విప్పేదాకా నా కుడిచెయ్యి నువ్వే. సెలవు లేదు," అన్నాడు. తిట్టినా బాగుండేది. పూటపూటకూ కబ్సా అన్నం ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టాను.

ఒక పూట అలా పెడుతుండగానే మా ఆవిడ వీడియో కాల్ చేసింది.

"ఎప్పుడొస్తున్నవ్?"

"ముసలాయన భుజం బాగుగావాలె."

"ఈడ నీ బిడ్డ బువ్వ తినక నన్ను సతాయిస్తుంటే, ఆడ నువ్వు గడ్డమున్నోనికి తినిపిస్తున్నవా?"

నాకు ఏడుపొచ్చింది. అబూ సాద్ మాత్రం తర్వాతి ముద్దకోసం నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

కాబట్టి లోకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నాకు తెలియనిది ఎవరడిగినా తెలియదనే చెబుతాను. కఫీల్ అడిగితే రెండుసార్లు చెబుతాను.