వల బెండ్లు మునిగిన నాడు ప్రభువు నా నోరు తెరిపించాడు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నాది రేపల్లె, తెనాలిలో ప్లాస్టిక్ వస్తువులు పోసే ఉక్కు అచ్చులు చేసే షాపులో ముప్పై ఏళ్లు ఆకురాయి పట్టాను, యాభై దాటాక మన సంఘంలోనే అక్షరాలు దిద్దుకున్నాను గనుక రాతలో తప్పులుంటే మన్నించండి, కానీ జరిగింది దాచను. నేను ఒకప్పుడు తాగుబోతును!

మొదట్లో ఉక్కు దిమ్మను చేత్తోనే తొలిచేవాళ్లం, వేలితో తడిమితే వెంట్రుకంత ఎత్తుపల్లం కూడా తెలిసిపోయేది, ఇనప రజను వాసన ఇంటిదాకా నాతో వచ్చేది, ఎంత బాగుండేవో ఆ రోజులు! తర్వాత కంప్యూటర్ వచ్చింది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే రమ్య అనే అమ్మాయి తెర మీద అచ్చు గీస్తే, మిషన్ దానంతట అదే ఉక్కును చెక్కేది. చివర్లో అంచులు నునుపు చేయడమే నాకు మిగిలింది. ఆ రోషంతో ఇంకా తాగాను.

నిజాంపట్నం జాలర్ల వలలు నీళ్ల మీద తేలడానికి కట్టే ప్లాస్టిక్ బెండ్లకు అచ్చు చేశాం. దాని రెండు సగాలు కలిసే అంచును నేను తాగిన చేత్తో ఎక్కువ అరగదీశాను. బెండ్లకు అతుకు నిలవలేదు, లోపలికి నీళ్లు పోయి వలలు మునిగాయి. సముద్రం మీద చేపల వేటకెళ్లే ఒకాయన వచ్చి ఆ బెండ్ల గోతాం బోర్లించాడు.

“ఏంటయ్యా ఇవి? బెండ్లా, నీళ్ల చెంబులా?”

ఓనరు రమ్య మీద పడ్డాడు. “నువ్వు గీసిందే తప్పమ్మా. రేపట్నుంచి రావద్దు.”

“బాబాయ్, నువ్వన్నా చెప్పు, కొలత సరిగ్గానే ఉంది కదా?” అని ఆ పిల్ల నన్ను అడిగింది. నేను మాట్లాడలేదు సహోదరులారా! లోపల సంతోషించాను కూడా.

రేపల్లెలో రైలు దిగి మందు షాపుకు పోవలసినవాణ్ణి, ఆ పిల్ల మాట గుచ్చుతుంటే మందిరానికి పోయి, “ప్రభువా, నేను పిరికివాణ్ణి, పని పోతే పోనీ, నా నోరు తెరిపించు” అని ఏడ్చాను.

పొద్దున్నే తాగకుండా వెళ్లి, “తప్పు అమ్మాయిది కాదండి, నాది” అని అందరి ముందూ చెప్పాను. ఓనరు రమ్యను పిలిపించాడు, నన్ను పంపేశాడు. దేవునికే మహిమ! తాగుడు ఒక్కరోజులో పోయిందని అబద్ధం చెప్పను, ప్రతి సాయంత్రం మోకాళ్ల మీద పోరాడాను, ఆయనే గెలిపించాడు. ఆ పని మాత్రం తిరిగి రాలేదు, ఇప్పటికీ దాని మీద బెంగే.

మీలో ఎవరైనా ఇంకొకరి మీదికి నెట్టిన తప్పు ఉంటే ఈ రోజే ప్రభువుకు చెప్పండి, ఆ తర్వాత ఆ మనిషికీ చెప్పండి. పని పోవచ్చు. ఆయన మాత్రం మిమ్మల్ని పంపేయడు, నమ్మి రండి!