కిటికీని మెచ్చుకున్న ఏకాంబరం అయివారు

ఏకాంబరం అయివారికి కోపం తప్ప మరో రసం తెలియదు. తొమ్మిదింటిలో ఎనిమిదింటిని ఉదారంగా మిగతా అయివార్లకు వదిలేసి, రౌద్రాన్ని ఒక్కదాన్నే తనకు ఉంచుకున్నారు.

1944లో చిత్తూరులో మాకు ఆరో ఫారం ఇంగ్లీషు చెప్పేవారు. పాఠం వినేవాళ్ల మీదే కాదు, పాఠంలో ఉన్నవాళ్ల మీదా కోపమే. పద్యంలో గొర్రెలకాపరి ప్రియురాలి కోసం వానలో నిలబడితే, "గొడుగు లేనోనికి ప్రేమెందుకురా!" అని బల్ల గుద్దేవారు. నవలలో నాయిక నూటడెబ్బయ్యో పేజీ దాకా మనసులో మాట చెప్పకపోతే, "ఈమె నోరు యాడ పెట్టుకోనుండాదిరా?" అని మావైపు ఉరిమేవారు, మేమే దాచినట్టు.

ఇంత కోపాన్నీ ఆయన మాకు వీపు పెట్టి, కిటికీకి ఎదురుగా నిలబడి ప్రదర్శించేవారు.

"ఏమిరా మునిరత్నం, అర్థమైందా?"

"లేదయివారూ."

"కిటికీకి అర్థమైందిరా, నీకు కాలేదా! అదే మేలు, మధ్యలో ఆవులించదు."

వ్యాసాలు దిద్దే వేళ మరీ ఘోరం. రోజుకో కాగితాన్ని ఉండచుట్టి కిటికీలోంచి విసిరేసేవారు. ఎవడి వ్యాసానికి ఆ సద్గతి పట్టిందో తెలియక క్లాసంతా సమానంగా సిగ్గుపడేది.

కిటికీ అవతల, గోడ దాటితే చెంగయ్యగారి పెరడు. అక్కడ రుబ్బురోలు గిర్రుగిర్రుమనేది. అయివారు పద్యం ఎత్తుకోగానే ఠక్కున ఆగేది.

"రోలు గూడా దడుసుకునిందప్పా," అనేవాడు మునిరత్నం.

ఇలా ఉండగా ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. హెడ్మాస్టరు వెంకటరమణగారు ముందురోజే మా గదిలోకి వచ్చారు.

"ఏకాంబరం, రేపు ఆ కిటికీ మూసి, మెల్లగా చెప్పు. అరిచినావంటే బంగారుపాళ్యానికి బదిలీయే."

"కిటికీ మూస్తే పాఠం యాడికి పోవల్ల సార్?"

"పిల్లకాయల చెవుల్లోకి."

"నా ఇరవయ్యేండ్ల సర్వీసులో అట్లా ఒకపొద్దూ జరగలేదు సార్!"

మర్నాడు కిటికీ బార్లా తెరిచే ఉంది. ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు సర్దుకుని, "గొర్రెలకాపరి వానలోనే ఎందుకు నిలబడ్డాడు?" అని అడిగారు. ముప్ఫైరెండు నోళ్లు మూతపడ్డాయి. హెడ్మాస్టరుగారి కళ్లలో బంగారుపాళ్యం కనిపిస్తోంది.

అప్పుడు గోడ అవతలనుంచి చక్కని ఇంగ్లీషులో ఒక ఆడపిల్ల గొంతు పలికింది: ఇంటికి పోతే ఎదురుచూడడం అయిపోతుంది గనక.

"ఎవరది?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

అయివారి గొంతు పుట్టిన తర్వాత మొదటిసారి తగ్గింది.

"చెంగయ్య కూతురు చంద్రకాంతమ్మ సార్. పెద్దమనిషైందని బడి మాన్పించినారు. ప్రైవేటుగా పరీక్షకు పోతే పొమ్మన్నాడు వాళ్ల నాయన. వచ్చే నెలే మెట్రిక్కు. జవాబులు రాసి గోడమీంచి అందిస్తాది, దిద్ది ఉండచుట్టి విసురుతా. కిటికీ మూసినా, నన్ను పంపించినా ఆ పాపకు బడి లేదు సార్."

మేము ఏడాదిపాటు సిగ్గుపడిన వ్యాసాలు మావి కావని అప్పుడు తెలిసింది.

ఇన్‌స్పెక్టరుగారు తనిఖీ పుస్తకంలో చాలాసేపు రాశారు. హెడ్మాస్టరుగారు దాన్ని గొంతు సవరించుకుని చదివారు: "ఈ గది కిటికీని మూయరాదు. ఈ ఉపాధ్యాయుణ్ణి కదపరాదు."

ఇప్పుడైనా నవ్వుతారేమోనని అయివారి ముఖం వైపు చూశాం. ఆయన గిర్రున కిటికీకేసి తిరిగారు.

"జవాబు సరే! క్లాసులో చెయ్యెత్తకుండా మాట్లాడేది ఎవురు నేర్పించినారు నీకు?"

గోడమీద మెల్లగా ఒక చెయ్యి లేచింది. మోచేతిదాకా ఇడ్లీపిండి.