షాంఘై చూసొచ్చిన పుష్పలీల

షాంఘైలో ఏ హోటల్లో ఎన్నో అంతస్తు నుంచి నది బాగా కనిపిస్తుందో తెలుసుకోవాలంటే, ఆ రోజుల్లో కొందరు ఇంగ్లీషువాళ్లు లండన్ పక్కనున్న స్లౌకి ఫోన్ చేసేవారు. ట్రేడింగ్ ఎస్టేట్‌లో టైర్ల గోదాము పైనున్న చిన్న ట్రావెల్ కంపెనీలో, ఫోటోకాపీ మిషన్ పక్క సీట్లో కూర్చునే పుష్పలీల ఆ ఫోన్ ఎత్తేది. ఆవిడ షాంఘై ఎన్నడూ చూడలేదు. హైదరాబాదు నుంచి హీత్రూకి, హీత్రూ నుంచి హైదరాబాదుకి తప్ప విమానమెక్కి ఎక్కడికీ పోలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిరగబడతాయన్న భయం పుణ్యమా అని, ఆవిడ భర్త పాండురంగానికి తొంభై ఎనిమిదిలో స్లౌలో ఉద్యోగం దొరికింది. చిక్కడపల్లిలో జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పుకునే పుష్పలీల, నాలుగేళ్ల ప్రణీతను చంకనేసుకుని వెంట వచ్చింది. ఇక్కడ ఆవిడ ఎమ్మేని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఏడాది తిరిగాక ఈ కంపెనీలో హోటళ్ల రేట్లు టైపు చేసే పని ఇచ్చారు. దానికే మహాభాగ్యం అన్నట్టు అందరూ కంగ్రాచ్యులేషన్స్ చెప్పారు.

ఒకరోజు మేనేజర్ గ్రాహం షాంఘై బ్రోషర్‌కి పది లైన్లు రాసిపెట్టమన్నాడు. మిగతావాళ్లు పారిస్, రోమ్ పంచుకోగా మిగిలిన ఊరది. పుష్పలీల నాలుగు శనివారాలు లైబ్రరీలో కూర్చుని నాలుగు పేజీలు రాసింది. ఆ పేరుకి సముద్రం మీద అని అర్థమనీ, తీరా చూస్తే సముద్రం ఊళ్లోంచి కనపడనే కనపడదనీ, కనపడేది హువాంగ్‌పూ నది మాత్రమేననీ రాసింది. చేపలు పట్టుకుని బతికిన ఊరు, సముద్రపు దొంగల భయంతో గోడ కట్టుకున్న ఊరు, 1842 తర్వాత తెల్లవాళ్లు ఫిరంగులు చూపించి తలుపు తెరిపించిన ఊరు అని రాసింది. మన దేశంలో పండిన నల్లమందు అక్కడికెలా చేరిందో కూడా రాసింది. అది గ్రాహం కొట్టేశాడు. సెలవుకి వెళ్లేవాళ్లకి అవన్నీ ఎందుకన్నాడు.

నది గట్టును అక్కడ బండ్ అంటారని చదివిన రోజు మాత్రం ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇండియా నుంచి ఓడెక్కి వెళ్లిన మాటే అది. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు తిరిగిన మనిషికి, ఎవరో చుట్టాలు ఆ ఊళ్లో స్థిరపడ్డట్టే అనిపించింది. ఆ గట్టు మీద 1929లో కట్టిన హోటల్, దాని ఆకుపచ్చ రాగి పైకప్పు, ఆ పక్క వీధుల్లో ఒకప్పుడు పహరా కాసిన సర్దార్జీ పోలీసులు, అన్నీ కళ్లకు కట్టినట్టు రాసింది. ఎప్పటికైనా ఒక ఉదయం ఆ గట్టు మీద నిలబడాలి. అంతకుమించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగే చివరి ప్రశ్న ఒకటే. మీరు వెళ్లారా? మొదట్లో పుష్పలీల నిజమే చెప్పింది. గ్రాహం పిలిచి, మర్యాద ఏమాత్రం చెడకుండా, "వెళ్లానని చెబితే ఎవరికి నష్టం? ఎలాగూ నిన్ను పంపిస్తాంగా" అన్నాడు. ఆ ఆఖరి మాట పట్టుకుని ఆవిడ ఏడేళ్లు అబద్ధమాడింది. అడిగినవాళ్లకల్లా వెళ్లొచ్చానంది. పన్నెండో అంతస్తులో దిగానంది. తెల్లారి కిటికీ తీస్తే పడవల కూత వినిపించిందంది. బర్మింగ్‌హామ్ నుంచి ఒక ముసలాయన తిరిగొచ్చాక ఉత్తరం రాశాడు, అంతా మీరు చెప్పినట్టే ఉందని.

2007 మార్చిలో షాంఘై హోటళ్లవాళ్లు కంపెనీ నుంచి ఒకరిని రమ్మన్నారు. వారం రోజులు ఐదు హోటళ్లు చూసి రావాలి. పుష్పలీల ఎవరికీ చెప్పకుండా ఒకరోజు సెలవు పెట్టి, రైలెక్కి లండన్ వెళ్లి, చైనా ఎంబసీ దగ్గర వానలో క్యూ కట్టి వీసా తెచ్చుకుంది.

"ఆఫీసోళ్లు నీ పేరు చెప్పిన్రా?" అన్నాడు పాండురంగం, పాస్‌పోర్టు తిప్పిచూస్తూ.

"ఇంక చెప్పలే. నేను గాక ఎవరు పోతరు చెప్పుండ్రి? ఆ ఊరు పేరైనా తెల్వదు ఒక్కరికి."

"చెప్పినంక తెచ్చుకుంటే అయిపోవు గద."

"అప్పుడు లేటైతదని ఇంకొకర్ని పంపిస్తే?"

"మమ్, యూ'ల్ లవ్ ఇట్," అంది ప్రణీత. పదమూడేళ్లు వచ్చాయి దానికి. పుష్పలీల కూతురికి ఆ సాయంత్రం మ్యాపులో గట్టు చూపించింది.

సోమవారం మీటింగ్‌లో గ్రాహం టికెట్ల సెక్షన్‌లో ఉండే మాండీ పేరు చదివాడు. మాండీ నిన్నటిదాకా షాంఘై జపాన్‌లో ఉందనుకుంది. పుష్పలీల సిగ్గు విడిచి అడిగేసింది, నేను కదా వెళ్లాల్సింది అని.

గ్రాహం నిజంగానే ఆశ్చర్యపోయాడు; ఏడేళ్లు విని విని తనూ నమ్మేసినట్టున్నాడు. "నీకెందుకు పుష్పా? నీకు ఆ ఊరు వీధి వీధీ తెలుసు. చూడనివాళ్లే కదా చూడాలి?"

అందరూ తలలూపారు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. నువ్వు ఆడించిన అబద్ధమే కదరా నా నోట్లో మట్టి కొట్టింది అని అరవాలనిపించింది. ఇంగ్లీషులో ఆ మాటకి అంత మంట రాదు. అదీగాక ఏడేళ్లు ఆ నోటితోనే వెళ్లొచ్చానని చెప్పుకుంది కదా. పుష్పలీల సరేనంది. చాలామంది మంచివాళ్లు చేసే వెధవ పనే చేసింది. పైగా తను రాసుకున్న నోట్‌బుక్కు తెచ్చి మాండీ చేతిలో పెట్టింది.

మాండీ వారం ఉండి వచ్చింది. ఈతకొలను బాగుందట, బ్రేక్‌ఫాస్ట్‌లో బేకన్ దొరికిందట. గట్టు మీదికి వెళ్లావా అని పుష్పలీల అడిగితే, బస్సులోంచి చూసినట్టే గుర్తంది. పుష్పలీలకి ఆకుపచ్చ కప్పున్న హోటల్ బొమ్మతో ఒక కీచైన్ తెచ్చింది. కొత్త బ్రోషర్‌లో షాంఘై పేజీల చివర మాండీ ఫోటో వేశారు, స్వయంగా చూసి రాసినది అని. లోపలి వాక్యాలన్నీ పుష్పలీలవే.

జూన్‌లో, వీసా గడువు తీరిపోయిన వారమే, స్విండన్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అరగంట వివరాలు అడిగి, చివరికి ఆ పాత ప్రశ్న వేసింది.

"లేదండి. నేనెప్పుడూ వెళ్లలేదు," అంది పుష్పలీల. ఏడేళ్లలో మొదటిసారి ఆవిడకి తేలిగ్గా ఊపిరాడింది.

ఆ స్విండన్ ఆవిడ, ఏమీ అనుకోకండి, వెళ్లొచ్చినవాళ్లెవరికైనా ఇస్తారా అంది.

పుష్పలీల ఫోన్ మాండీకి కలిపింది. మాండీ నోట్‌బుక్కు తెరిచి, పన్నెండో అంతస్తు, తెల్లవారి పడవల కూత, అన్నీ చదివి వినిపించింది. మధ్యలో రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగింది.

"పుష్పా, గదిలోంచి సముద్రం కనిపిస్తుందా అంటోంది. కనిపిస్తుందా?"

"కనిపించదు. నది కనిపిస్తుంది," అంది పుష్పలీల.

"సముద్రం కాదండీ, నది," అంది మాండీ ఫోన్‌లో. "నేను కళ్లారా చూశాను."