బోణి బేరం

మా వీధిలోకి కొత్తగా వచ్చిన లెక్చరర్ ఒక పాత స్పోర్ట్స్ సెడాన్ కొన్నాడు. పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేస్తే నీలం పొగ నేరుగా మా వాకిట్లోకి వస్తుంది. నిన్న గేటు దగ్గర నన్ను ఆపి, "ఎట్లున్నది సార్ బండి?" అని అడిగాడు. "పొగ బాగున్నది" అన్నాను. ఇక మాట్లాడడేమో. మంచిదే. అలాంటి కారు కొన్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఒకప్పుడు నేనూ కొన్నాను కనుక.

అమ్మినవాడు నా బామ్మర్ది. కాగజ్‌నగర్‌లో పాత కార్ల వ్యాపారం. నేను కరీంనగర్‌లో, బట్టల దుకాణం గల్లా పక్కన పెరిగినవాణ్ని. మొదటి గిరాకీ వట్టి చేతులతో వెళ్తే ఆ రోజంతా వ్యాపారం నడవదని మా బాపుకు వణుకు. నష్టానికైనా ఒక తువ్వాల అంటగట్టేవాడు. ఆ వణుకును ఎలా వాడుకోవాలో నాకు తెలుసు. అందుకే చలికాలం పొద్దున, మా ఆవిడను కూడా తీసుకుని, వాడు షట్టర్ ఎత్తే వేళకు వెళ్లి నిలబడ్డాను. "బోణి బేరంరా, కాదనకు" అన్నాను. "నువ్వు గింత పొద్దుగాల్నే వస్తవని నాకెర్కే బావా" అన్నాడు, షట్టర్ అప్పటికే ఎత్తేసి ఉన్నాడు. అక్కడే వెనక్కి తిరగాల్సింది. బట్టల దుకాణంలో పెరిగిన కన్ను పైపైన కనిపించే మచ్చనే చూస్తుంది. తలుపు మీది గీతకు కొంత, చిరిగిన సీటుకు కొంత, అరిగిన టైర్లకు కొంత తగ్గించాను. వాడు ఏడుపుముఖం పెట్టి ప్రతిదానికీ ఒప్పుకున్నాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది, పొగ లేదు. దారంతా నా తెలివిని నేనే పొగుడుకున్నాను.

నెల తిరగలేదు. చెన్నూరులో పెళ్లికి వెళ్తుంటే ఉన్న ఆయిలంతా తాగేసి ఇంజన్ పట్టేసింది. పట్టుచీరతో మా ఆవిడ మిరపకాయల బస్తాల మధ్య ట్రాలీ ఆటోలో కూర్చుంది. మెకానిక్ మూత తీసి చూసి నవ్వాడు. "సల్లగున్నప్పుడు స్టార్ట్ చేయించిండ్రా సార్? మీరు రాకముందే గరం చేసి పెట్టిండు. గరం మీద పొగ కానరాదు." రాత్రంతా చల్లారిన ఇంజన్నే స్టార్ట్ చేయించాలి, సర్వీసు కాగితాలు లేని బండి ముట్టొద్దు, ఆయిల్ పుల్ల వారానికోసారి తీసి మట్టం చూడాలి, ఇలాంటి టర్బో బండిని ఉరికించి తెచ్చి టక్కున ఆపొద్దు: ఇవన్నీ ఆ రోజు, ఆలస్యంగా నేర్చుకున్నాను. "మీ తమ్ముడు నా గడప తొక్కొద్దు, నేను వాని గడప తొక్క" అని ఆ రోడ్డు మీదే మా ఆవిడకు చెప్పేశాను. పన్నెండేళ్లు ఆ మాట మీదే నిలబడ్డాను.

ఇప్పుడు వాడి బిడ్డ పెళ్లి. నేను రానన్నాను, దొంగ అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. మా ఆవిడ చీరలు మడతపెడుతూ తలెత్తకుండానే అంది: "ఆ రోజు టైర్ల బేరం నడుస్తుంటే బానెట్ మీద చెయ్యి పెట్టి టక్కున తీసినవ్. నేను చూసిన."

నిజమే. వేడిగా ఉంది. స్వెటర్ వేసుకుని వణుకుతున్న పొద్దున బానెట్ ఎందుకు వేడెక్కిందో నాకు తట్టకపోలేదు. అడిగితే టైర్ల బేరం చెడుతుందని ఊరుకున్నాను.

పెళ్లికి వెళ్తాను, బస్సులో. వాడితో మాట్లాడను. మాట్లాడితే ఆ వేడి సంగతి చెప్పాల్సి వస్తుంది. కారు ఎప్పుడో తుక్కులో కలిసింది, ఆనాడు పలక పట్టుకు తిరిగిన పిల్ల పెళ్లికూతురైంది. నా అరచెయ్యి మాత్రం పన్నెండేళ్లుగా ఆ బానెట్ మీదే ఉండిపోయింది.