అచ్చిబాబు గిటార్‌కి పెద్ద కెపాసిటర్

రామచంద్రపురం అచ్చిబాబుకి రెండింటి మీదే నమ్మకం: తన ఎలక్ట్రిక్ గిటార్ మీద, భద్రిరాజు మాట మీద. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఇద్దరూ వాయించే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో భద్రిరాజుది కీబోర్డు.

మెలోడీ పాట రాగానే టోన్ నాబ్ తగ్గించి తీగల్ని మెత్తగా పలికించడం అచ్చిబాబు ప్రత్యేకత. ఆ నాబ్ వెనకాల, తీగలు ఎంత మెత్తబడాలో తేల్చే చిన్న బిళ్ళ, కెపాసిటర్ పాడైతే, ఏది వెయ్యాలని భద్రిరాజునే అడిగాడు.

“పెద్ద వాల్యూదే వెయ్యరా. పెళ్ళిపందిట్లో చిన్నది ఆనదు.”

అదే వేశాడు. భద్రిరాజు చెప్పాక ఇంకేమిటని వాయించి కూడా చూసుకోలేదు. కాకినాడ పెళ్ళిలో నాబ్ తగ్గించేసరికి గిటార్ దుప్పటి ముసుగులోంచి మూలిగినట్టు మూలిగింది. పాడుతున్న కీర్తిప్రియ వెనక్కి తిరిగి చూసింది. ఆ గిటార్ ముక్కని భద్రిరాజు కీబోర్డు మీద తడుముకోకుండా లాగించేశాడు. చప్పట్లన్నీ అతనికే. ఆ తర్వాత అచ్చిబాబుకి పిలుపులు ఆగిపోయాయి. సోల్డరింగ్ సరిగ్గా పడలేదేమోనని ఆ వెర్రిబాగులవాడు తన చేతినే తిట్టుకున్నాడు.

నెల తిరక్కుండా భద్రిరాజు ఇంకో గిటార్ పట్టుకొచ్చాడు.

“మా బావమరిదిదిరా. ఇకమీదట ఆర్కెస్ట్రాలో వాడే వాయిస్తాడు. ఈ కెపాసిటర్ అతికించిపెట్టు. సోల్డరింగ్ నువ్వు చేస్తేనే నిలుస్తుంది.”

అచ్చిబాబు దాని మీద అంకె చూశాడు. చిన్న వాల్యూది.

“పెద్దది వద్దా?”

“పెద్దదైతే నాబ్ తగ్గించగానే మొద్దుబారిపోదూ!” అనేసి, భద్రిరాజు నాలిక కరుచుకున్నాడు.

సోల్డరింగ్ ఐరన్ అప్పటికే వేడెక్కింది. అచ్చిబాబు ప్లగ్గు పీకి, గిటార్ అతని చేతుల్లో పెట్టాడు.

“వెళ్ళిరండి, రాజుగారూ,” అన్నాడు, ఏనాడూ ‘ఒరేయ్’ అని తప్ప పిలవనివాడు.