నిండుగా తిరిగొచ్చిన బాటిల్

ముక్కూ మొహం తెలియని వాళ్ల నోట కూడా హెచ్చరిక పలికించే దేవునికి స్తోత్రం.

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కాక పక్కనున్న ఆమె మా పాపది ఏ బడి, ఏ తరగతి అని ఆరా తీసింది. వెంచర్లతో పాటు ప్రైవేటు బళ్లు మొలుస్తున్న రోజులవి. పిల్లల్ని చేర్పించే ఏజెంటేమోనని నా అనుమానం.

"సర్కారు బడే. ఏడో తరగతి. మంచిగనే చెప్తరు," అన్నాను ముక్తసరిగా.

"చదువు సంగతి కాదక్కా. సాయంత్రం నీళ్ల బాటిల్ ఖాళీగ తెస్తదా, నిండుగ తెస్తదా?"

"నిండుగనే. బడిల మంచినీళ్లున్నయి గద!" దేవుడు చేసిన మేలని ఆ సంగతి మా చర్చి సంఘంలో సాక్ష్యంగా కూడా చెప్పి ఉన్నాను.

"గట్ల కాదు. బాత్రూంకు తాళమేస్తే ఆడపిల్లలు నీళ్లు తాగరు. బిడ్డనడుగు."

ఇక ఏ స్కూలు పేరు ఎత్తుతుందోనని కాచుకున్నాను. ఏమీ ఎత్తకుండానే శేరిగూడలో దిగిపోయింది.

ఇంటికొచ్చి అడిగితే పాప తలవంచుకుంది. "అవ్ అమ్మా. తాళంచెవి సార్ల దగ్గరుంటది. అడగాలంటే సిగ్గు."

మరునాడు వెళ్లి హెడ్మాస్టరును తాళంచెవి అడిగాను. "రేపు చూద్దాం," అన్నాడు. అది చేతికొచ్చేదాకా నేను కదలలేదు.

గొంతెండినా దాహం లేదని చెప్పే ఆడపిల్లల కోసం ఈ పూట నాతో కలిసి ప్రార్థించండి.