ఇసుక మీద పెట్టిన కత్తి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది మా బావ కుడి చూపుడువేలి మీద మడత కత్తి మూసుకుంది. తాడు కోస్తుండగా బ్లేడు వెనక్కి మడతపడింది. ఏడు కుట్లు పడ్డాయి. ఆ వేలు వంగకపోతే వల బాగుచేసే పని సాగదు. నెల రోజులు బావ ఒడ్డున కూర్చుని, పక్కవాళ్లు కుట్టిన వలలకు వంకలు పెట్టాడు.

కొత్త కత్తి కొనే పని అక్క నాకు అప్పజెప్పింది.

"ఇన్ని పుస్తకాలు సదివినావు కదా, నువ్వే సూడు. మీ బావకి ఇంకోపాలి ఏలు తెగితే వలలు నువ్వు కుడతావు, వంట కూడా నువ్వే."

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. అక్కడ పనిముట్ల గురించిన పాత పుస్తకం ఒకటి దొరికింది. మడత కత్తి తెరవగానే పిడిలోని ఉక్కు రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలుకు ఆనాలట. అదే లాకు. దాని బలం చూడాలంటే, బ్లేడు మూసుకునే దారిలో వేళ్లు లేకుండా పిడిని రెండు పక్కలా పట్టుకుని, బ్లేడు వీపుతో చెక్క మీద మెల్లగా తట్టాలి. మూసుకుంటే ఆ కత్తి పనికిరాదు. రెండుసార్లు చదివి, నోటుబుక్కులో బొమ్మ కూడా వేసుకున్నాను.

శ్రీకాకుళం బజారులో ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి, ఐదు కత్తులు తీయించి, బల్ల మీద తట్టడం మొదలుపెట్టాను.

"ఇంకా బోణీ అవనేదు. ఈ వాయింపేటి?" అన్నాడు షావుకారు.

"లాకు పరీక్షండి."

"వాయించాలనుంటే బొబ్బిలెల్లి వీణ కొనుక్కో."

రెండు మూసుకున్నాయి. ఒకటి ఊగింది. నాలుగోది నిలబడింది. ఐదోదాన్ని షావుకారు నాకు అందకుండా లోపల పెట్టేశాడు.

ఒడ్డున బావ పడవ దగ్గర నలుగురు చేరారు. కత్తిని చేతి నుంచి చేతికి ఇస్తే తగువులొస్తాయని మాలో ఇవ్వరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. నేనూ తెరిచి చూపించి, ఇసుక మీద పెట్టాను. బావ తీసి, మూసి, మళ్లీ తెరిచి తాడు కోయబోయాడు.

"ఆగు బావా. ఇంకోసారి తట్టాలి."

"కొట్లో తట్టినావు కదేటి?"

"వాడబోయిన ప్రతిసారీ తట్టాలని పుస్తకంలో ఉన్నాది."

"ఆ పుస్తకం రాసినోడు సేపల ఏటకొస్తాడేటి?" అన్నాడు పక్క పడవ మావ.

పడవ అంచు మీద తట్టాను. కత్తి మూసుకుపోయింది. నా వేళ్లు దాని దారిలో లేవు. బావ తన కుట్ల మచ్చ చూసుకున్నాడు.

పిడిలోకి తొంగి చూస్తే, రేకు ఆనాల్సిన చోట ఇసుక. నేను పెట్టిన చోటి ఇసుకే. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి పదిసార్లు తట్టాను. నిలబడింది. అప్పటి నుంచి మా ఇంట్లో కత్తిని తువ్వాలు మీద పెడుతున్నాం. చేతికి మాత్రం ఇవ్వం.

బావ రోజూ పడవ ఎక్కే ముందు అంచు మీద మూడుసార్లు తట్టేవాడు. నెల తిరక్కుండా మిగతా పడవల వాళ్లూ తట్టసాగారు. ఇది ఏ అమ్మోరి మొక్కు అని నన్ను అడిగారు. ఉక్కు రేకు సంగతి వివరించి, వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాను. శ్రద్ధగా విని, కత్తిని కళ్లకద్దుకున్నారు.

బావ వేలికి మళ్లీ ఏమీ కాలేదు. అక్క నాకు వంట అప్పజెప్పలేదు. పక్క పడవ మావ ఇప్పటికీ అందరికన్నా భక్తిగా తడతాడు. ఆయనది అసలు మడత కత్తే కాదు.